సీలు అంటే చీల కాదు

మా బాబాయి ఢిల్లీశ్వరరావు పొద్దున్నే కాశీబుగ్గలో షెడ్డు తెరవగానే, గోడకు వేలాడే ఇత్తడి గిద్దను దించి, గుడ్డతో తుడిచి, మళ్లీ తగిలిస్తాడు. దాంతో ఏదీ కొలవడు. ఒకవైపు అంచు సొట్టపోయింది కాబట్టి కొలిచినా సరిగా రాదు. ఆ గిద్ద, అది వేలాడే ఇనుప చీల, రెండూ 1998లో తన పెళ్లి వారంలోనే ఆయన చేతికి వచ్చాయి.

అప్పటికి బాబాయి ఇంకొకరి షెడ్డులో పనిచేసేవాడు. నందిగాం నారాయణరావుగారికి వాళ్ల నాన్న కొన్న ఇంగ్లండు కారు ఒకటి ఉండేది. ఎర్రది, రెండే సీట్లు, పైకప్పు లేదు. జీడితోటల మధ్య అది పోతుంటే కూలీలు పని ఆపి చూసేవారు. దానికున్న జబ్బల్లా గేరుబాక్సు వెనక నుంచి ఆయిల్ కారడం. షాఫ్టు బయటికి వచ్చే చోట ఆయిల్‌ను ఆపే రబ్బరు బిళ్ల అరిగిపోయింది. ఆ బిళ్లనే మెకానిక్కులు సీలు అంటారు.

"ఒక్క సుక్క కారకుండా సెయ్యిరా, నీ పెళ్లికి నువ్వే తోలుకుపో. కారిందా, ఎడ్లబండి కట్టుకో" అన్నారు నారాయణరావుగారు.

బాబాయి ఆ మాట మేనమామ కూతురు, కాబోయే పెళ్లికూతురు అయిన మా పిన్ని చిన్నమ్మికి చెప్పాడు. అక్కడే పని చెడింది. పిన్ని ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు తీసేది. అన్నం బెల్లు కొట్టేలోపు నలభైమంది ఆడవాళ్లకీ తెలిసిపోయింది, చిన్నమ్మి ఊరేగింపు టాపు లేని ఎర్రకారులోనని.

బాబాయి కారును ఇంటి ముందుకు తెచ్చి, చెక్క దిమ్మల మీదికి ఎత్తి, ఎస్టీడీ బూత్ నుంచి విశాఖపట్నం షాపుకు ఫోన్ చేశాడు.

"గేరుబాక్సుకి సీలు కావాలండి."

షాపాయన తెలివైనవాడు. మా వైపు వాళ్లు చెప్పును సెప్పు అంటారనీ, చూడును సూడు అంటారనీ ఆయనకు తెలుసు. అందుకని సీలును తనే చీలగా దిద్దుకున్నాడు. నాలుగో రోజున బస్సులో పార్శిల్ వచ్చింది. విప్పితే డజను ఇనుప చీలలు, నిగనిగలాడుతూ.

"ఓలమ్మ! ఏటివి బావా? కారుకి మేకులు కొడతావేటి?" అంది పిన్ని.

"సీలడిగితే సీలలంపాడే!"

"నువ్వడిగిందీ సీలే, ఆడంపిందీ సీలే. ఆడి తప్పేటి మరి?"

"నవ్వకే. ఎల్లుండే పెళ్లి."

"కారు రాకపోతే నాను నడిసే వత్తాను. నువ్వు నా ఎనకాల ఈ సీలలు ఏరుకుంటా రా."

అలా అందే గానీ, ఆ సాయంత్రం పిన్ని ఫ్యాక్టరీ గేటు తప్పించుకుని చుట్టుదారిన ఇంటికి పోయింది.

బాబాయి మళ్లీ బూత్‌కి పరుగెత్తాడు. "సీల కాదండి, సీలు! గుండ్రంగా ఉంటాది, గాజునాగ! మద్దిన కన్నం!" బయట వరసలో నిలబడ్డవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు.

మర్నాడు మొదటి బస్సుకే అసలు సీలు వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి. ఆ పూటే పెళ్లికొడుక్కి నలుగు.

సీలు మహా బిగువు. ఒకవైపు తడితే రెండోవైపు లేస్తుంది, అటు నొక్కితే ఇటు లేస్తుంది. గట్టిగా కొడితే రబ్బరు చిరుగుతుంది. చుట్టూ ఒకేసారి, ఒకే బరువుతో నొక్కాలి. చెక్కముక్క ఆనిద్దామంటే మధ్యలో షాఫ్టు పొడుచుకొచ్చి అడ్డం.

బాబాయి వాళ్లమ్మ బొడ్డమ్మ నలుగు నూనె గిద్ద పట్టుకుని వచ్చి కారు కిందికి వంగింది.

"ఓరి ఢిల్లీ! అయిదుగురు ముత్తైదువులు కూకున్నారు. నువ్వు కారు కింద దూరిపోతే నలుగు ఎవుళికెట్టాలిరా, టైరుకా?"

బాబాయి చూపు తల్లి మొహం మీద లేదు. గిద్ద మూతి మీద ఉంది.

"అమ్మా, అది ఇలగియ్యి."

"ముందు నెత్తికి రాసుకోవాలిరా!"

"ముందు కారుకి."

సీలుకు నువ్వులనూనె రాసి, మిగతాది ఒంపేసి, గిద్దను బోర్లించి ఆనించాడు. దాని అంచు సీలు అంచుకు కొలిచినట్టు సరిపోయింది. షాఫ్టు గిద్ద కడుపులోకి పోయింది. చెక్కసుత్తితో టక్, టక్, టక్. నాలుగో దెబ్బకు సీలు గూట్లో కూర్చుంది. అయిదో దెబ్బ ఉత్త సంతోషం. గిద్ద సొట్టపోయింది దానికే.

"మా అత్తోరి గిద్దరా!" అని బొడ్డమ్మ లబలబలాడుతుంటే ముత్తైదువులు కారు దగ్గరికే వచ్చి నలుగు పెట్టారు. కారు తలుపుకూ పసుపు అంటింది.

మధ్యాహ్నానికి వెనక చక్రాలకు పోయే పొడవాటి షాఫ్టును మళ్లీ బిగించి, ఆయిల్ పోసి, హరిపురం దాకా తోలి తెచ్చాడు. నారాయణరావుగారు వచ్చి కారు కింద పేపరు పరిపించి, గంటసేపు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తర్వాత పంచె ఎగగట్టి వంగారు.

పేపరు మీద ఒక చుక్క.

ఆయన దాన్ని వేలితో అద్ది, వాసన చూశారు. మళ్లీ చూశారు.

"నువ్వులనూనెరా ఇది!"

"కారు కారలేదండి, నలుగు కారింది" అన్నాడు బాబాయి. నారాయణరావుగారు నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడ్డారు.

పెళ్లయ్యాక ఊరేగింపు ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి పోయింది. పిన్ని "ఇంకోపాలి తిప్పు బావా" అంది. నాలుగుసార్లు తిప్పాడట. అయిదోసారికి మేళగాళ్లు మొరాయించారు.

ఇప్పుడు బాబాయికి సొంత షెడ్డు ఉంది. విశాఖపట్నం షాపుకు మాత్రం పిన్నే ఫోన్ చేస్తుంది. ముందు "గుండ్రంగా ఉంటాది" అని చెప్పి, ఆ తర్వాతే "సీలు" అంటుంది.