షిఫ్టు చూసి టీము కట్టిన యాకూబ్

కాలనీ హాకీ క్లబ్బు క్రీడాకారులకు, మిత్రులకు, నా పూర్వ విద్యార్థులకు నమస్కారములు.

తేదీ, ఊరు లేని ఉత్తరానికి నేను మార్కులు తగ్గించేవాణ్ని. ఇవాళ ఆ రెండూ రాయడానికి నాకే చేతులు రావడం లేదు.

నిన్న పొద్దున్నే ఫోన్ మోగింది. యాకూబ్ నంబరు. ఆదివారం ప్రాక్టీసు సంగతి మాట్లాడతాడనుకున్నాను.

మాట్లాడింది అతని పెద్దమ్మాయి.

"సార్, అబ్బా లేరు."

"డ్యూటీకి వెళ్లాడా అమ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల ఏడ్చింది.

గుండెపోటు. దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయిందట.

మన క్లబ్బు వాట్సాప్ గ్రూపులో కొత్తగా చేరినవారి కోసం రాస్తున్నాను. యాకూబ్ పాల్వంచ థర్మల్‌లో ఫిట్టరు. సాయంత్రాలు మన హాకీ టీముకు కోచ్. నేను తెలుగు మాస్టారిగా రిటైరై, క్లబ్బు సెక్రటరీగా అతని పక్కన నిలబడినవాణ్ని. నిలబడినందుకు ఈనాటికీ గర్వపడుతున్నాను.

అతని చేతికి వచ్చేనాటికి టీము పరిస్థితి మీలో పాతవారికి తెలుసు.

ఖమ్మం వెళితే ఓటమి. కొత్తగూడెం వెళితే ఓటమి. భద్రాచలం టోర్నమెంటులో కూడా ఇంతే అయితే గ్రౌండును లారీల పార్కింగుకు ఇచ్చేస్తామని కాలనీ పెద్దలు చెప్పేశారు.

అంతకుముందున్న కోచ్ చదువుకున్న మనిషి. అందరిలోకీ మేలైన పదకొండు మందిని ఏరి, ఎవరు ఎక్కడ ఆడాలో బోర్డు మీద గీసి చూపించేవాడు. ఆ పద్ధతిలో తప్పు లేదు. ఆ పదకొండు మందీ ఒకేసారి గ్రౌండులో ఉండటమే జరగలేదు.

మనది షిఫ్టుల ఊరు. ఫార్వర్డ్ ప్రాక్టీసుకు వస్తే, అతనికి పాస్ ఇవ్వవలసినవాడు బాయిలర్ దగ్గర ఉండేవాడు. మ్యాచ్ రోజున డ్యూటీలు మార్చుకుని వచ్చి, పెళ్లిలో ఎదురుపడిన చుట్టాల్లా ఒకరినొకరు పలకరించుకునేవారు.

యాకూబ్ మొదటిరోజు స్టిక్ ముట్టుకోలేదు. ఒక్కొక్కరినీ ఒకటే అడిగాడు.

"నీతోని డ్యూటీ దిగేదెవరు?"

ఒకే షిఫ్టు బస్సులో వచ్చేవాళ్లను ముగ్గురేసి చొప్పున జత చేశాడు. ఆడితే ముగ్గురూ పక్కపక్కన ఆడాలి. ఒక్కడు రాలేకపోతే ముగ్గురూ కూర్చోవాలి, ఇంకో ముగ్గురు దిగుతారు.

"యాకూబ్ భాయ్, గిది హాకీ టీమా, క్యాంటీన్ లైనా?" అని ఒకడు ఎకసెక్కం చేశాడు.

"క్యాంటీన్ల ఎవడి చెయ్యి ఎవడి ప్లేట్లకు పోతదో సూడకుండనే తెలుస్తది గదరా. గ్రౌండ్ల గూడ గట్ల తెల్వాలె."

మొదట్లో ఇంకా ఘోరంగా ఓడిపోయాం. దాచను.

ఇక భద్రాచలం.

మన టీములో అందరికన్నా గొప్ప ఆటగాడు రఫీ. యాకూబ్‌కు స్వయానా బామ్మర్ది. ఆ రోజు ప్లాంటులో ఏదో రిపేరు వచ్చి, రఫీతో కలిసి ఆడే మిగిలిన ఇద్దరికీ సెలవు దొరకలేదు. రఫీ ఒక్కడే బస్సు దిగాడు.

"బావా, నేనొచ్చిన గదా. దింపు."

"ఒక్కనివే వచ్చినవ్. కూసో."

"ఓడితే గ్రౌండ్ పోతది. ఇంటికి పోయి అక్కకు ఏం జెప్తవ్?"

"మీ అక్క సంగతి నేను సూసుకుంట. నువ్వు గా నీళ్ల సీసలు వట్టుకో."

అందరూ నవ్వారు. రఫీ నవ్వలేదు.

ఆ ముగ్గురి చోట ఆడినవారు జూలూరుపాడు అవతలి అడవి పల్లెల నుంచి మన బొగ్గు యార్డులో కూలికి వచ్చే ముగ్గురు యువకులు. తట్ట ఎత్తేవాడు, అందుకునేవాడు, పోసేవాడు. బంతి కూడా అలాగే వారి మధ్య చేతులు మారింది. వారిలో ఎవరికీ రఫీ ఆటలో సగం రాదు. కానీ ఒకరి పాస్ ఒకరికి తప్పలేదు.

ఒక్క గోలుతో గెలిచాం. గ్రౌండు నిలిచింది.

రఫీ మ్యాచ్ అయ్యేదాకా నీళ్లు అందించాడు. తరువాత వేరే బస్సెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ స్టిక్ పట్టలేదు. బావ ఇంట్లో ఉన్నంతసేపు అక్క గడప తొక్కలేదు.

సంవత్సరాలు అలాగే గడిచాయి.

నాలుగు రోజుల కిందట యాకూబ్ మా ఇంటికి వచ్చి, ఇచ్చిన చాయ్ పక్కన పెట్టేశాడు.

"సార్, ఈ ఆదివారం రఫీని గ్రౌండుకు పిలుస్త. మీరు గూడ ఉండున్రి."

"నాకెందుకు చెబుతున్నావు? ఇంటికి పోయి మాట్లాడుకోరాదా?"

"నలుగుర్ల అన్న మాట సార్. నలుగుర్లనే ఎనుకకు తీసుకోవాలె."

ఆ ఆదివారం ఇంకా రాలేదు. మనిషి వెళ్లిపోయాడు.

నిన్న ఖబరస్తాన్ దాకా యాకూబ్ జనాజాను మోసిన రఫీ ఒక్కసారి కూడా భుజం మార్చలేదు. ఎవరు ముందుకొచ్చినా తల అడ్డంగా ఊపాడు. యాకూబ్ నాతో అన్నది అతని చెవిలో చెబుదామనుకుని ఆగాను. చెప్పినా, నలుగురిలో అనాలన్న యాకూబ్ కోరిక తీరేది కాదు.

యాకూబ్, నీ ఊపిరికి ఇక అలుపు లేదు. ఆ మట్టి నీకు చల్లగా ఉండాలి. సెలవు.

క్రీడాకారులకు ఒక మనవి. ఆదివారం అందరూ రండి. రఫీని వెంటబెట్టుకుని రండి. అతను ఉర్దూ మీడియంలో చదివాడు, తెలుగు చదవలేడు. కాబట్టి మీలో ఎవరైనా గ్రౌండు మధ్యలో నిలబడి, ఈ ఉత్తరాన్ని అందరికీ వినపడేలా పైకి చదవండి. ఆ రోజు మా ఇంట్లో యాకూబ్ చివరగా అన్న మాటలను కింద రాస్తున్నాను. వాటిని మాత్రం నిదానంగా చదవండి.

"వాణ్ని కూసోబెట్టింది తప్పు గాదు సార్. మల్ల గసొంటి మ్యాచ్ వస్తే మల్ల కూసోబెడ్త. గని వాని చేత నీళ్ల సీసలు మోపియ్యొద్దుండె."