పక్క కుర్చీలోంచి వినబడిన ఈల

మా ముత్తాత మాధవరావు కోరుట్ల పక్కన మూడు ఊళ్లకు శిస్తు వసూలు చేసే మాలీపటేలు. మా తాత గోపాల్‌రావు కోరుట్లకు మొదటి గ్రామఫోను తెప్పించిన మనిషి. ఆయన కుర్చీలో కూర్చుని పాట వింటుంటే జనం ప్రహరీ బయట నిలబడి వినేవారు. మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తనిచ్చేవారు కాదు. భయపడటమే పరువు తక్కువ అనుకునే ఇల్లు. నేనూ అట్లాగే పెరిగాను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

తాత నుంచి నాకు మిగిలింది పాట పిచ్చి ఒక్కటే. నాకు పట్టింది రాక్ సంగీతం, అందులోనూ కచేరీల్లో జనం ముందు రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్‌లు. స్టూడియోలో చేసింది ఇస్త్రీ అంగీలాంటిది. లైవ్ ఆల్బమ్ అప్పుడే మగ్గం మీద నుంచి దింపిన గుడ్డ, పోగులు కనిపిస్తాయి. నాకు బాగా ఇష్టమైన ఒక రికార్డులో గాయకుడు చరణం మరిచిపోతాడు, జనం అందుకుని పాడతారు. అట్లాంటిదే బెంగళూరులో కళ్లారా చూశాను. కరెంటు పోయి స్పీకర్లు ఆగిపోతే మిగతా పాటంతా మేమే పాడాం. వరంగల్‌లో ఒకసారి వానలో తడుస్తూ చివరిదాకా నిలబడ్డాను.

ఈ పిచ్చి నేను అంటించింది ఒక్కడికే. సత్యం సిరిసిల్ల వాడు. జగిత్యాలలో ఇంటర్ కలిసి చదివాం. తర్వాత వాడు సాంచల మీద పనికి కుదిరాడు. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. మా ఇల్లు ఎంత దిగజారినా నన్ను "దొరా" అనే పిలిచేవాడు. అందులో సగం ప్రేమ, సగం ఎకసెక్కం.

రికార్డులు నావి, చెవి వాడిది. నాలుగేళ్లు నా దగ్గరున్న ఒక ఆల్బమ్ వాడు ఒక్కసారి విని, "మూడో పాటల డ్రమ్ము కొట్టెటోని చేతిల కట్టె కింద వడ్డది దొరా" అన్నాడు. మళ్లీ పెట్టి విన్నాను. నిజంగానే పడింది. రెండు వారాలు వాడితో మాట్లాడలేదు. ఎందుకో వాడికి చెప్పలేదు.

ఎనిమిదేళ్ల కింద మా ఇద్దరికీ ప్రాణమైన ఒక బ్యాండ్ హైదరాబాద్ వచ్చింది. ఆ కచేరీనే ఆల్బమ్‌గా తెస్తామని ముందే ప్రకటించారు. నేను రెండు టికెట్లు కొన్నాను. రెండోది వాడికే. కొన్నాక ఆలోచన మొదలైంది. వాడు పక్కన కూర్చుంటే నాకు వినబడనివన్నీ వాడికి వినబడతాయి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాట్లాడేది వాడు, వినేది నేను. ఆ ఒక్క కచేరీ అయినా నాది కావాలనిపించింది. టికెట్ ఒక్కటే దొరికిందని చెప్పాను.

ఆదివారం సాయంత్రం ఐదింటికి మొదలైంది. నాది కుర్చీలు వేసిన వరుస. నాకు ఒక పక్క దారి. రెండో పక్క ఖాళీ కుర్చీ, దాని మీద నా సంచి పెట్టాను. జనం గోల రికార్డు చేయడానికి మా ముందే ఒక మైకు నిలబెట్టారు. ఐదున్నర ప్రాంతంలో, నాలుగో పాటలో గిటార్ తీగ తెగింది. గిటారిస్టు మిగిలిన తీగలతోనే పాట ముగించాడు. నేను లేచి "శెభాష్" అని గొంతు చించుకుని అరిచాను. నా పక్కన ఎవరూ లేరు, దగ్గర్లో ఎవరూ ఈల వేయలేదు. ఇది ఒట్టేసి చెప్పగలను.

మర్నాడు పొద్దున్నే సిరిసిల్ల వెళ్లాను. గొప్ప చెప్పుకోవడానికే వెళ్లాను. కార్ఖానా ముందు చాయ్ తాగుతూ నేను నోరు తెరవకముందే సత్యం అడిగాడు.

"నాలుగో పాటల తీగ తెగిందా దొరా?"

"నీకెవ్వలు చెప్పిండ్రు?"

"ఎవ్వలు చెప్తరు? సాంచ మీద పోగు తెగినట్టు ఇనవడ్డది. ఆపి చూస్తె ఒక్క పోగు తెగలె."

కార్ఖానా నడిపే మల్లేశం నవ్వాడు. "నిన్న ఐదున్నరకు వీనికి పిచ్చి లేసింది సార్. సాంచ బంద్ వెట్టి గోడ దిక్కు చూసి ఈలేసిండు. చాయ్ తెమ్మంటున్నడనుకున్నం."

సాంచల చప్పుడులో మాట వినబడదు, అందుకే అక్కడ పిలుపంతా ఈలలే. ఒక్కొక్కరిది ఒక్కో తీరు. సత్యంది రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. ముందరి పన్ను సగం విరిగింది కాబట్టి చివర్లో చీలుతుంది.

వాడు చాయ్ గ్లాసు కింద పెట్టి, "నీ పక్క కుర్చీల ఎవ్వలు కూసున్నరు?" అన్నాడు.

"ఎవలో పెద్దమనిషి."

"పెద్దమనిషా? మంచిది తియ్యి."

ఆరు నెలలకు ఆల్బమ్ వచ్చింది. నాలుగో పాట చివర నా "శెభాష్" ఉంది. దాని మీదే, మైకుకు నాకంటే దగ్గరగా, రెండు పొట్టి ఈలలు, ఒక పొడుగు ఈల. చివర్లో చీలింది.

నా చెవిని నమ్మలేదు. సిరిసిల్లలో ఒక చాయ్ హోటల్లో మల్లేశం పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా, ఫోన్‌లో ఆ చోటు మాత్రం వినిపించాను. ఆయన వెంటనే తల తిప్పి వీధిలోకి చూశాడు. "సత్యం ఎక్కడున్నడు?" అన్నాడు. సత్యం ఆ రోజు వీర్నపల్లిలో పెండ్లికి పోయాడు.

కచేరీకి పోయింది నేను. ఆ ఆల్బమ్ విన్నవాళ్లకు వినబడేది వాడు. నా అరుపు ఆ ఈల కింద నలిగిపోయింది. ఎన్నిసార్లు విన్నా ముందు ఆశ్చర్యం కాదు, కడుపుమంటే వస్తుంది.

సత్యం కూడా విన్నాడు, ఒకేసారి. తల వంచుకుని చివరిదాకా విన్నాడు. "నీ గొంతు మంచిగ వడ్డది దొరా" అన్నాడు. ఈల మాట ఎత్తలేదు. కుర్చీ సంగతి మళ్లీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

హైదరాబాద్‌కూ సిరిసిల్లకూ నూట ముప్ఫై కిలోమీటర్ల పైమాట దూరం. కార్ఖానా చప్పుడులో నిలబడ్డవాడికి తీగ తెగడం ఎట్లా వినబడింది, వాడి ఈల నా సంచి ఉన్న కుర్చీలోంచి ఎట్లా వచ్చింది, నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసిన వాళ్లెవరూ చెప్పలేకపోయారు.

కోరుట్ల ఇల్లు మా నాన్న హయాంలోనే పోయింది. రాయికల్ దగ్గరి రెండెకరాలు కిందటేడు అమ్మాను. ఈ ఎండాకాలం తాత గ్రామఫోను, నా రికార్డులన్నీ జగిత్యాలలో అమ్మకానికి పెట్టాను. ఆ లైవ్ ఆల్బమ్ సత్యం కొనుక్కున్నాడు. ఆనాడు వాడకుండా మిగిలిన రెండో టికెట్ దాని అట్ట లోపలే ఉంది. నేను తీయలేదు.