అడ్డపొగ

బారువలో ఎండుచేపలమ్మే తవిటమ్మది పెద్ద నోరు. అందులో చుట్ట ఎప్పుడూ అడ్డపొగే. గాలికి ఆరిపోకుండా నిప్పున్న కొస లోపల పెట్టుకోవడం తల్లి నేర్పింది.

2003లో కింది చిగుళ్లు జారి, పళ్ల వేళ్లు బయటపడి, చన్నీళ్లకి జివ్వుమంటుంటే టెక్కలి పళ్ల డాక్టరు దగ్గరకెళ్లింది.

"అంగిట్లోంచి పల్చగా చర్మం తీసి చిగురుకి కుడతానమ్మా," అంటూ ఆయన నోట్లో లైటేసి ఆగిపోయాడు. "అంగిలంతా కాలిపోయింది. తీయడానికి మంచి చర్మమే లేదు. ముందు చుట్ట మానాలి."

"సిగురు బాగుసెయ్యమంటే నా సుట్ట మీద పడతావేటి బాబూ!" అని కసిరి వచ్చేసింది.

బస్సు దిగి సముద్రం ఒడ్డుకెళితే, కూతురు తిరుమల చుట్ట వెలిగించి నిప్పు లోపలికి తిప్పుతోంది. తవిటమ్మ లాక్కుని ఇసకలో పొడిచింది.

"అమ్మా, నువ్వు కాల్సట్లేదేటి?"

"నాకు అతుకెయ్యడానికి నా నోట్లోనే గుడ్డ లేదంట. నీదైనా మిగుల్సుకో."