తినేదానికా, ఇచ్చేదానికా?

ఈ రోజు ఉదయగిరి ఆసుపత్రిలో ఉన్న మా మేనత్తను చూడబోతూ, ఆత్మకూరు బస్టాండులో బత్తాయిలు అడిగాను. అవతల బస్సు హారన్ కొడుతూనే ఉంది.

"తినేదానికా సార్, ఇచ్చేదానికా?" అన్నాడు పండ్లబండి మస్తాన్ భాయ్.

తొందరలో "ఇచ్చేదానికే" అనేశాను. మచ్చల కాయల్ని పక్కకు నెట్టి, నిగనిగలాడే అరడజను ఏరి ఇచ్చాడు.

అత్త ఒకటి ఒలిచి తొన కొరికింది. పిప్పి తప్ప రసం లేదు.

"ఇచ్చేదానికని చెప్పినావా? తీపంతా మచ్చకాయల్లోనే ఉండాది గదరా!" అని నవ్వింది. నేను లేచేటప్పుడు మిగిలిన అయిదూ నా సంచిలోనే వేసింది. "తీసకపో, ఎవురికన్నా ఇచ్చేదానికి పనికొస్తాయి."

సాయంత్రం నుంచి ఆ సంచి పట్టుకుని ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మీలో ఎవరింటికి రమ్మంటారు?