నాయన కింద పెట్టిన చాకు

ఈ ఉదయం మామిడిపండ్లు కోస్తుంటే మనవరాలు చాకు కోసం చెయ్యి చాపింది. నేను దాన్ని నేలమీద పెట్టాను.

"చేతికీకుండా కింద పెడితివేంది అవ్వా?" అంది.

పందొమ్మిది వందల నలభైల్లో, నా చిన్నప్పటి ఒక మామిడి కాలం గుర్తొచ్చింది. మడత చాకు కొనడానికి నాయన నన్ను బంగారుపాళ్యం నుంచి చిత్తూరు బజారుకు తీసుకెళ్లాడు. నా కళ్లన్నీ తళతళలాడే ఇత్తడి పిడి చాకు మీదే. నాయన పైపంచె కొంగులోంచి బాగా మాగిన పండు తీసి, "పిడి కాదమ్మా, కోత సూడు" అన్నాడు. ఇత్తడి పిడిది పండును నలిపేసింది. నా మోచేతిదాకా రసం కారింది. నల్లచెక్క పిడిది మాత్రం పలుచటి అంచుతో మెత్తగా దిగిపోయింది.

"ఇదే నాయనా!" అన్నాను.

"అయితే ఇది నీకే."

సంబరంగా రెండు చేతులూ చాపాను. నాయన చాకు మడిచి, నా చేతులు తప్పించి, అంగడి అరుగు మీద పెట్టాడు. ఆడపిల్లకు ఇవ్వడం ఇష్టంలేక అలా పడేశాడనుకున్నాను.

"తీసుకోమ్మా."

"నాకొద్దు."

నాయన తనే తీసి మొలలో దోపుకున్నాడు. ప్రతి వేసవీ దాంతోనే నాకు ముక్కలు కోసిపెట్టాడు కానీ, మళ్లీ తీసుకోమనలేదు.

చాకు చేతికివ్వకూడదన్న ఆ పట్టింపు ఏమిటో పెళ్లయ్యాక అత్త చెప్పింది. అప్పటికి నాయన లేడు.

"చేతికిస్తే ఇద్దరికీ కొట్లాట వస్తాదంట తల్లీ" అన్నాను మనవరాలితో.

"అట్లనా!" అని నవ్వుతూ అది చాకు తీసుకుంది.

ఎందుకని అది నన్ను అడిగింది. నేను నాయనను అడగలేదు.