పోలయ్య బొటనవేలు

పోలయ్య నా పనిని పదిమంది ఎదుట బొటనవేలితో పొడిచి పాడుచేశాడు. నన్ను పక్కకు పిలిచి ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. డాక్టరుగారి ముందర, మందు సీసాలు పట్టుకుని వరసలో నిలబడ్డ రోగుల ముందర, నేను ఒళ్లు హూనం చేసుకుని బాగుచేసిన కారు తలుపులోకి వేలు దించి, బయటికి లాగి, పంచెకు తుడుచుకున్నాడు. ఈ ఫిర్యాదును నేను ఏళ్ల తరబడి వినేవాళ్లకూ విననివాళ్లకూ చెప్పుకుంటూ వచ్చాను.

ఈ ఉదయం ఎదురింటి ఇనుప గేటుకు రంగు వేసే మనిషి సుద్దపొడిలో అవిసె నూనె పోసి లప్పం పిసుకుతున్నాడు. ఆ వాసన రోడ్డు దాటి నా కుర్చీ దాకా వచ్చింది. గేటు అడుగున తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. వాడు దాని మీదనే లప్పం మెత్తుతున్నాడు. ఊరుకోలేక లేచి వెళ్లి, "తుప్పు గీకవా అబ్బయ్యా?" అని అడిగాను. "రంగు పడితే ఏం కనపడదులే పెద్దాయనా, నువ్వు పోయి కూర్చో" అన్నాడు. ఇంటి యజమాని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. మండినా వచ్చి కూర్చున్నాను, ఎందుకంటే వాడు చేస్తున్న పనే ఒకప్పుడు నేనూ చేశాను.

అరవైల మొదట్లో నేను కావలి దగ్గర బోగోలులో ఒక డాక్టరుగారి కారు తోలేవాణ్ణి. ఇద్దరు పిల్లలు, చేలో పని చేయలేని తండ్రి, ఆ ఒక్క ఉద్యోగం. నా బడి నాలుగో తరగతితో ఆగిపోయింది. ఆ తరువాత చదివిందంతా నా అంతట నేను చదివిందే. పొట్లాల కాగితాల మీద తెలుగు, అట్టలు ఊడిన నిఘంటువు ముందేసుకుని ఇంగ్లీషు. ఏ పంతులూ నేర్పని చదువు కాబట్టి దాని మీద నాకున్న గర్వం పంతుళ్లకు కూడా ఉండదు. మద్రాసు నుంచి వచ్చిన పాత పుస్తకాల్లో మోటారు బండ్ల మరమ్మతు గురించి ఒకటి దొరికింది. దాన్ని ఒక్కొక్క మాటకూ అర్థం వెతుక్కుంటూ ఏడాదిన్నర చదివాను. కారు కూడా ఆ పుస్తకం వయసుదే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చిన ఇంగ్లీషు బండి, నలుపు. రోజూ సముద్రం ఒడ్డు పల్లెలకు పోవాలి, ఆటు వేళ చూసుకుని ఉప్పుటేరు దాటాలి. ఉప్పుగాలి, ఉప్పునీళ్లు కలిసి రెండు తలుపుల అడుగులూ జల్లెడ చేశాయి. దానికి తోడు ఒక ఎద్దులబండి నొగ తగిలి ఎడమ మడ్గార్డు మీద చెంబు పట్టేంత సొట్ట పడింది.

నెల్లూరు షెడ్డులో చెప్పిన ధర విని డాక్టరుగారు కారు వెనక్కి తిప్పమన్నారు. రెండు రోజుల తరువాత నన్ను పిలిచి, "గూడూరు నుంచి పాతసామాన్ల వాడు వస్తానన్నాడోయ్, ఇచ్చేద్దాం. నేను జట్కాలో తిరుగుతాను" అన్నారు. ఆయన తన సంగతి చెప్పారు గాని నా సంగతి చెప్పలేదు. జట్కాకు డ్రైవరు అక్కర్లేదు. "పది రోజులు ఇవ్వండి, నేనే బాగు చేస్తాను, అంతా పుస్తకంలో ఉంది" అన్నాను. ఆయన నా వైపు, నా చేతిలోని పుస్తకం వైపు చూసి, "సరే, పదంటే పది" అన్నారు.

కారు షెడ్డు ఆస్పత్రి పక్కనే, తాటాకుల పందిరి. పోలయ్యను నేను ఎరిగింది అక్కడే. సముద్రం ఒడ్డు పల్లె మనిషి, యాభై దాటినవాడు, వేటకు పోవడం మాని పడవలు బాగుచేస్తూ బతికేవాడు. భార్యకు రోజూ సూది మందు వేయించాలి. ఆమె వరసలో కూర్చుంటే ఈయన వచ్చి నా పందిరి కింద గొంతుక్కూర్చునేవాడు. నన్ను "డ్రైవరయ్యా" అనేవాడు, ఆ పిలుపులో కొంచెం ఎగతాళి ఉండేది. నేను "ఏం పోలయ్యా" అనేవాణ్ణి, నా కంటే పాతికేళ్లు పెద్దవాడైన ఆయన్ని. అప్పటి రివాజు అది. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. ఆయన కూర్చుని ఏవేవో మాట్లాడుతూనే ఉండేవాడు. పడవల సోది అనుకుని నేను తల ఊపుతూ పని చేసుకునేవాణ్ణి.

నా పని ఇలా సాగింది. తుప్పు రుద్దడానికి గరుకు కాగితాలు కొనే స్తోమత లేక సముద్రపు ఇసుక రెండు గోతాలు తెచ్చాను. తడిగోనెతో ఆ ఇసుక పట్టి తోమితే రేకు తళతళలాడింది. బొక్కలన్నిటిలో లప్పం దట్టించాను. తలుపు అడుగు అంచులో వరసగా మూడు సన్నటి బొక్కలు గుండ్రంగా, తీరుగా ఉన్నాయి. తుప్పు అంత తీరుగా తినదన్న ఆలోచన నాకు రాలేదు. బొక్కలు పూడ్చమని పుస్తకంలో ఉంది, పూడ్చాను. సొట్టను లోపలి నుంచి సుత్తితో నడిమధ్య కొట్టాను, అది బయటికి బొడిపెగా లేచింది. దాని చుట్టూ కూడా లప్పమే. పైన నల్ల రంగు రెండు పూతలు. పదో రోజు పొద్దున డాక్టరుగారు రాకముందే బావి నుంచి పాతిక బిందెల నీళ్లు తోడి కారుకు తలంటు పోశాను. పెళ్లికొడుకులా ఉంది.

డాక్టరుగారు చుట్టూ తిరిగి చూశారు. "భేష్ రమణయ్యా" అన్నారు. వరసలోని వాళ్లు కూడా వచ్చి మూగారు. అప్పుడు పోలయ్య లేచి వచ్చి, తలుపు అడుగున వేలు పెట్టి నొక్కాడు. పచ్చి లప్పంలోకి వేలు కణుపు దాకా దిగింది. తీసేసరికి ఆ బొక్కలోంచి అరచెంబు నీళ్లు బుడబుడమంటూ డాక్టరుగారి చెప్పుల మీద పడ్డాయి. అద్దం సందులోంచి దిగిన నా తలంటు నీళ్లు. వరసలో ఎవరో ఆడమనిషి, "కారు ఉచ్చ పోసుకుందమ్మోయ్" అంది. ఆ నవ్వు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. డాక్టరుగారు నవ్వలేదు. చెప్పులు విడిచి దులుపుకుని, "గూడూరు వాడికి కబురు పెట్టు" అన్నారు.

నేను కదల్లేదు. పోలయ్యే అన్నాడు: "నాలుగు దినాలు ఓర్చుకోండయ్యా. మా ఆడదాని సూదులు అయిందాకా నేను ఈడనే ఉంటా. నేనూ డ్రైవరయ్యా చూస్తాం."

"నీకు కారు పని వచ్చునా?" అన్నారు డాక్టరుగారు.

"కారు రాదయ్యా. ఉప్పు వచ్చు."

ఆ నాలుగు రోజులు నేను ఆయనతో పని తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఆయన పట్టించుకోలేదు. ముందు నా లప్పమంతా ఉలితో రాల్పించాడు. కింద రేకు మీద వేలు రుద్ది నాలికకు అద్దుకున్నాడు. "నాకి చూడు" అన్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను. "కారును నాకితే కులం పోతాదా? నాకు!" అన్నాడు. నాకాను. ఉప్పగా ఉంది. నా సముద్రపు ఇసుకే తుప్పుకు మేత పెట్టింది. తాగే నీళ్లతో కడగడం, ఆరనివ్వడం, నాకడం, మళ్లీ కడగడం. రెండో రోజు మధ్యాహ్నానికి గాని నాలికకు ఉత్త ఇనుము తగల్లేదు. పల్లెలో పడవ సీలలను కూడా ఇట్లాగే చూస్తారట. దీన్ని ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు, ఆ తరువాత కూడా.

పుచ్చిన రేకును గట్టి రేకు తగిలేదాకా కోయించాడు. ఎంత కోస్తే అంత పెద్దదవుతున్న ఆ రంధ్రాన్ని చూసి నాకు ఏడుపు వచ్చింది. కిరసనాయిలు డబ్బా కత్తిరించి మాసికలు చేశాం, మెత్తటి ఇనుప సీలలతో బిగించాం. అంచుల సందుల్లో దూది వత్తి పెట్టి, గుగ్గిలం నూనెలో కాచి పోశాడు. ఆ మూడు సన్నటి బొక్కలను మాత్రం తెరిచి, పుల్లతో శుభ్రం చేసి, "ఇవి తుప్పు బొక్కలు కాదు, చేసినోడు పెట్టినవి. పడవకూ ఉంటాది ఇట్టాంటిది, ఒడ్డుకు లాగినాక నీళ్లు పోయేదానికి" అన్నాడు. సొట్టకు ఇసుక మూట బయట ఆనించి, లోపల కొయ్య సుత్తితో అంచుల నుంచి చుట్టూ చిన్నచిన్నగా తట్టించాడు. "మధ్యకు పోబాక. చుట్టూ సర్దితే మధ్యది దానంతట అదే వస్తాది." వచ్చింది, మూడువంతులు. చివరన తలుపుల లోపలంతా సొరచేప నూనె పోసి పారించాడు.

కారు నిలిచింది. చూపుకు నా రంగంత బాగా లేదు, మాసికలు కనిపిస్తూనే ఉండేవి. డాక్టరుగారు ఉప్పుటేరు దాటించి చూసి, వెనక్కి వచ్చి తాళం నా చేతిలో పెట్టారు. డాక్టరుగారి భార్య మాత్రం ఆ చేపల కంపుకు నెల రోజులు కారెక్కలేదు. "మీరు పల్లెకు పోయి రానక్కర్లేదు, పల్లే ఇంటికొచ్చింది" అని ఆయనతో అనేది. కారు ఆ తరువాత ఆరేడేళ్లు తిరిగింది. ఆ మాసికల్లో ఒక్కటీ ఊడలేదు.

ఇవాళ నాకు కోపం తెప్పించేవాటిలో సగం లప్పం పనులే. వాన పడగానే పెచ్చులూడే కొత్త గోడలు, రంగు వేసి అప్పగించిన పాత వంతెనలు, పైపైన నవ్వుతూ మాట్లాడే మనుషులు. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను ముసలి చాదస్తం అంటారు. అననీ. తరువాత కావలిలో సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నప్పుడు, సముద్రం వైపు నుంచి వచ్చిన ప్రతి బండినీ ముందు నాకి చూశాను. బండ్ల వాళ్లు నవ్వేవాళ్లు. కోయవలసినంత కోసిన తరువాతే మాసిక వేశాను. ఎవరి పనిలోనైనా తప్పు కనిపిస్తే మాత్రం వాళ్లను పక్కకు పిలిచి చెప్పాను. అది పోలయ్య నేర్పింది కాదు, పోలయ్య మీద పంతంతో నేర్చుకున్నది అనుకునేవాణ్ణి.

షెడ్డు పెట్టిన రెండో ఏడు ఒక మధ్యాహ్నం ఆయన పల్లెకు వెళ్లాను. బోర్లించిన పడవ పక్కన కూర్చుని సందుల్లో ఉలితో వత్తి దట్టిస్తున్నాడు. అప్పటికి నేను "అన్నా" అని పిలవడం నేర్చాను. క్షేమసమాచారాలు అయ్యాక అడిగేశాను. "పోలయ్యన్నా, ఆ రోజు నన్ను పదిమందిలో నవ్వులపాలు చేసినావు. నాకొక్కడికి చెప్పి ఉండకూడదా?"

ఆయన చేతిలో ఉలి ఆపలేదు.

"చెప్పలా అంటావా? వరస బెట్టి రెండు దినాలు నీకే చెప్పినా రమణయ్యా, లోపల నీళ్లు నిలస్తాయి, ఆ బొక్కలు మూయబాక అని. నువ్వు తల ఎత్తలా. పుస్తకం తెరిచి, ఇదో ఈడ రాసుండాది చూసుకో అని నా ముందర పెట్టినావు. నాకు చదువొచ్చా? అందుకని వేలితో చెప్పినా."