రెండో పిలుపు

మా మావయ్యకి పక్షవాతం వచ్చేనాటికి నేను విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఆరేళ్లు. మావయ్యా అత్తా, అంటే మా ఆయన అమ్మానాన్నలు, శృంగవరపుకోట అవతల, కొండ దిగువనున్న పల్లెలో వ్యవసాయం చేసుకునేవారు. చోళ్లు, అదే రాగులు, నువ్వులు, వాన బాగుంటే వరి. ఒకరోజు పొద్దున్న కళ్లంలో నువ్వుల కట్టలు తిరగేస్తూ ఆయన కూలబడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒకేసారి పోయాయి. ప్రాణం దక్కింది. రోజూ ఫిజియోథెరపీ చేయించాలని డాక్టర్లు చెప్పడంతో ఆసుపత్రి నుంచి తిన్నగా మా ఇంటికే తీసుకొచ్చేశాం.

మా ఆయన పొద్దున్న రైలుకి విశాఖపట్నం ఉద్యోగానికి వెళ్తే మళ్లీ దీపాల వేళకే రావడం. నేను కాలేజీ నుంచి నాలుగింటికి వచ్చేదాన్ని. అప్పటిదాకా ఇంట్లో వాళ్లిద్దరే.

మనం అన్నదంతా ఆయనకి అర్థమయ్యేది. చెప్పాలనుకున్నదే నోటిదాకా వచ్చేది కాదు. ఏదైనా కావాలంటే ఎడం చేత్తో స్టీలు గ్లాసు పట్టుకుని మంచం పట్టీ మీద కొట్టేవారు. అత్త గబగబా వచ్చి, నీళ్లా, పక్కకి తిప్పాలా, బాత్‌రూమా అని ఒక్కొక్కటే అడిగేది. ఆయన తల అడ్డంగా ఊపీ ఊపీ చివరికి విసుగొచ్చి మొహం గోడవైపు తిప్పేసుకునేవారు. ఓసారి ఆ గ్లాసు విసిరేశారు కూడా. అత్త గ్లాసు తీసి, కడిగి, మళ్లీ ఆయన చేతికి అందేలా పెట్టింది. అది చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ నెల క్లాసులో నేను చెబుతున్నది ఈవెంట్ల పాఠం. తెర మీద ఒక విండో, అందులో బటన్లు. మామూలు ప్రోగ్రాము పైనుంచి కిందికి నడుచుకుంటూ పోతుంది. ఇది అలా కాదు, ఎవరో ఏదో నొక్కేదాకా కాచుకుని కూర్చుంటుంది. మీట నొక్కితే అదొక ఈవెంటు, వదిలితే ఇంకో ఈవెంటు. ఏది జరిగినప్పుడు ఏం చెయ్యాలో రాసిపెట్టిన ముక్కని హ్యాండ్లర్ అంటాం. ఇంట్లో పాత లాప్‌టాప్ ఒకటి ఉంది. దానికి విడి కీబోర్డు తగిలించి, నాలుగు మీటలు ఉంచి మిగతావి పీకేశాను. వాటి మీద రంగు స్టిక్కర్లు అంటించాను. ఎర్రది నొక్కితే నీళ్లు, ఆకుపచ్చది బాత్‌రూము, నీలం పక్కకి తిప్పమనడానికి. తెల్లది అత్తని పిలవడానికి.

మీట నొక్కితే పలికే మాటలు ఎవరి గొంతులో ఉండాలన్న ప్రశ్న వచ్చింది. మా ఆయన్ని అడుగుదామనుకుంటే, తనే చెబుతానంది అత్త. నా ఫోను నోటి దగ్గర పెట్టుకుని "నీళ్లు కావాల" అనీ, మిగతా రెండూ తడుముకోకుండా చెప్పేసింది. తెల్ల మీట దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. మావయ్య ఆమెని ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. "ఓలే" అనేవారు, అంతే. ఇప్పుడు ఆ మాట తన నోటితో తనే అనాలి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, నన్ను వీధి గదిలోకి పొమ్మని, వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని చెప్పింది.

మొదటిరోజు ఏ మీటా పలకలేదు. పాఠంలో చెప్పే అలవాటు కొద్దీ మీట వదిలినప్పుడు పలికేలా రాశాను. మావయ్య ఎర్ర మీట మీద వేలు పెట్టి నొక్కి, అలాగే ఉంచేశారు. ఎడం చెయ్యి గ్లాసు పట్టడానికి పనికొచ్చినా, అలవాటు లేని ఆ చేత్తో ఒక్క వేలు విడిగా ఎత్తడం ఆయనకి తేలిక కాదు. వదిలితే గానీ అది పలకదు, పలికితే గానీ ఆయన వదలరు. నొక్కగానే పలికేలా మార్చాను. అప్పుడింకో తంటా వచ్చిపడింది. మీట నొక్కిపట్టి ఉంచితే కంప్యూటరు ఒక్క కబురుతో ఊరుకోదు, నొక్కారు, నొక్కారు, నొక్కారు అని వరసగా చెబుతూనే ఉంటుంది. "నీళ్లు కావాల, నీళ్లు కావాల, నీళ్లు కావాల" అని అత్త గొంతు ఇల్లంతా మోగిపోయింది.

అత్త చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయి, "నానింతలా అరస్తానేటి?" అంది.

మావయ్య పెదవి ఎడమవైపు కదిలింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

మర్నాడు అది కూడా సరిచేశాను. ఒక నొక్కు విన్నాక, ఆ మీట వదిలి మూడు సెకన్లు గడిచేదాకా దాన్నుంచి ఏమొచ్చినా పట్టించుకోవద్దని రాశాను. వేలు వణికినా, ఎంతసేపు పట్టుకున్నా, ఒక్క మాటే. కోడ్ శుభ్రంగా కుదిరిందని కాస్త గర్వపడ్డాను కూడా.

మూడు మీటలూ బాగానే పనిచేశాయి. తెల్లదాని దగ్గరే తేడా వచ్చింది. నొక్కితే "ఓలే" అని పలుకుతుంది, అత్త మాత్రం రాదు. డాబా మీద వడియాలు పెడుతూ వినలేదేమోనని స్పీకరు సౌండు పెంచాను. పక్కన వంటింట్లో ఉండి కూడా రాని రోజులున్నాయి. మావయ్య మళ్లీ గ్లాసు అందుకున్నారు. అత్తకి చెవుడు మొదలైందేమోనని మా ఆయనతో అన్నాను.

ఏ మీట ఎప్పుడు నొక్కారో, ఎప్పుడు వదిలారో టైముతో సహా ఒక ఫైల్లో పడేలా ముందే రాసుకున్నాను. దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని కాలేజీకి పట్టుకెళ్లి, భోజనాల వేళ తెరిచాను. నీళ్ల మీట వరసలన్నీ ఒకలాగే ఉన్నాయి. నొక్కడం, చాలాసేపు పట్టి ఉంచడం, వదలడం. తెల్ల మీటవి అలా లేవు. నొక్కడం, వదలడం, రెండు సెకన్లు ఆగి మళ్లీ నొక్కడం, వదలడం. ప్రతిసారీ రెండే. వేలు ఎత్తడానికి అంత అవస్థ పడే మనిషి, ఆ ఒక్క మీట దగ్గర పనిగట్టుకుని ఎత్తి మళ్లీ నొక్కుతున్నారు. ఆ రెండోదాన్ని వణుకనుకుని నా కోడ్ పారేస్తోంది. నేను క్యారేజీ మూత పెట్టేశాను.

ఇంటికి వెళ్లగానే అత్తని అడిగాను, మావయ్య నిన్ను ఎన్నిసార్లు పిలిచేవారని. అదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"ఒకపాలి పిలిస్తే నానెందుకు పలకతాను?" అంది.

నాట్లప్పుడు, కలుపులప్పుడు మళ్లో పాతికమంది ఆడవాళ్లు వంగి ఉండేవారట. గట్టు మీద ఏ మగాడు వచ్చి పిలిచినా "ఓలే" అనే పిలుస్తాడు.

"మొదటిదానికి అందరం తలెత్తి సూస్తాం. ఎవులి మనిషో తెలీదు కదా. మీ మావ ఒక్కుడే కూసింత ఆగి రెండోపాలి అంటాడు. ఆ రెండోది నాది."

మరి స్పీకర్లోంచి పిలుపు వినిపిస్తే ఏమనుకున్నావని అడిగాను. అది దానంతటది అరుస్తోందనుకుందట. ఆయన పిలిచినట్టే లేదంది.

"ఆయన రెండుసార్లూ నొక్కుతున్నారత్తా. రెండోది నేనే వినపడనివ్వలేదు."

అత్త మంచం దగ్గరికి వెళ్లి, ఆయన ఎడం చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటే సాగదీస్తూ చాలాసేపు కూర్చుంది.

రెండో పిలుపు విడిగా రికార్డు చెయ్యాల్సి వచ్చింది. అది మొదటిదానిలా ఉండకూడదంది అత్త. "అది కిందకి దిగుతాది. అరుపు కాదు, అడిగినట్టు ఉంటాది." ఈసారి తలుపు వేసుకోలేదు. ఆయన ఎదురుగానే ఫోను పట్టుకుని చెప్పింది. కాదన్నట్టు ఆయన తల ఊపితే మళ్లీ చెప్పింది. నాలుగోసారికి ఆయన కళ్లు మూసుకుని సరేనన్నారు. తెల్ల మీటకి మాత్రం వేరే హ్యాండ్లర్ రాశాను. మొదటి నొక్కుని కొన్ని సెకన్లు గుర్తుపెట్టుకుంటుంది, ఆలోగా ఇంకోటి వస్తే రెండో పిలుపు వినిపిస్తుంది. పది వరసలైనా లేవు.

ఆ ఆదివారం అత్త డాబా మీద ఉంది. కింద "ఓలే" అని వినిపించింది. పైన అలికిడి లేదు. కాసేపు ఆగి రెండోది వినిపించింది, మెల్లగా, కిందికి దిగుతూ. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. చేతినిండా వడియాల పిండితో వచ్చి "ఏటి?" అంది. ఆయనకి నీళ్లూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. ఊరికే ఆమెవైపు చూస్తున్నారు. అత్త ఆ పిండి చేతులతోనే మంచం అంచున కూర్చుంది. నేను లోపలికి వెళ్లిపోయాను.

కార్తీకం వెళ్లేసరికి మాట కొద్దికొద్దిగా రావడం మొదలైంది. ముందు అంకెలు వచ్చాయి, తర్వాత చిన్న చిన్న మాటలు. మీటలు ఒక్కొక్కటే మానేశారు. తెల్లదాన్ని చివరిదాకా వాడారు. ఆ పైన లాప్‌టాప్ బీరువాలోకి వెళ్లిపోయింది.

మావయ్య అంతకుముందు కూడా నాతో పెద్దగా మాట్లాడింది లేదు. ఏదున్నా అత్త చేత చెప్పించేవారు. ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే ఆయన మంచం మీద లేచి కూర్చుని ఏదో అనబోతున్నారు. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. రెండుసార్లు ముక్కలైపోయి, మూడోసారికి మాట బయటికొచ్చింది.

"తి... తిన్నావేటి?"

నేను కాలేజీలోనే తినేశాను. అయినా ఆ సంగతి చెప్పలేకపోయాను.

"ఇంకా లేదు మావయ్యా," అన్నాను.

ఆయన వంటింటివైపు చూసి చెయ్యి ఊపారు. అత్త కంచం పెట్టింది. అక్కడే, ఆయన మంచం పక్కన కింద కూర్చుని, రెండోసారి అన్నం తిన్నాను.